ఉప్పు తగలని నీళ్లు

ఈ మాటలు వదిన చనిపోయిన వారంలోనే రాయవలసినవి. అప్పటికి నాకు రాయడం రాదు. పొదుపు సంఘంలో వేలిముద్ర వేసేదాన్ని. బస్సు ఏ ఊరికి పోతుందో పక్కవాళ్లను అడిగి ఎక్కేదాన్ని. ఆమె పోయిన మరుసటి ఏడు, రేపల్లెలో మా వీధి బడి వరండాలో సాయంత్రం పూట పెద్దవాళ్లకు అక్షరాలు నేర్పుతున్నారంటే వెళ్లి కూర్చున్నాను. గుణింతాలు త్వరగానే పట్టుబడ్డాయి, ఒత్తులు మాత్రం ఏడిపించాయి. ఇప్పుడు నేను రాసింది నేను చదువుకోగలను. ఇంకొకరు కూడా చదవగలరని మా పంతులమ్మ అంటోంది. సరే, అయితే మొదట మా వదిన గురించే రాస్తాను అనుకున్నాను.

అనుకున్నానే గానీ, కాగితం ముందు కూర్చోబెట్టింది ఒక బోర్డు. పోయిన నెల పెళ్లికని బాపట్ల వెళ్తుంటే దారిలో ఒక చెరువు పక్కన ఆటో ఆగింది. గట్టు మీద పెద్ద బోర్డు. కూడబలుక్కుని చదివాను. "పడవ షికారు కలదు" అని ఉంది. నీళ్లలో ఆడవాళ్లు, పిల్లలు నారింజ రంగు జాకెట్లు తొడుక్కుని పడవలో కూర్చుని ఫొటోలు దిగుతున్నారు. ఒకామె భయంతో కేకలు పెడుతోంది, మిగతావాళ్లు నవ్వుతున్నారు. ఎవరూ వాళ్లను దిగిపొమ్మనడం లేదు. నాకు నవ్వొచ్చింది.

"ఏంటమ్మా, నీలో నువ్వే నవ్వుతున్నావ్?" అంది పక్కన కూర్చున్న మా అమ్మాయి.

"మీ మేనత్త ఈ చెరువు చూసుంటే పెళ్లి భోజనం మానేసేది" అన్నాను.

వదిన అంటే మా ఆయనకు అక్క. పేరు రాయను. తెనాలి చేపల మార్కెట్లో ఆమెను పేరు పెట్టి పిలిచినవాళ్లు తక్కువ. అందరికీ పడవక్క. పొట్టి మనిషి. ట్రాలీ ఆటో సీటు మీద గోనెసంచి మడతలు వేసుకుని కూర్చుంటే గానీ ఎదుటి రోడ్డు కనిపించేది కాదు. నిజాంపట్నంలో చేప ఎక్కించుకుని తెల్లవారేసరికి తెనాలి చేరేది. హారన్ ఉన్నా కొట్టేది కాదు. తల బయటకు పెట్టి, "ఓ నాయనా, పక్కకి జరుగు, చేపనీళ్లు మీద పడతాయి!" అని అరిచేది. ఆ మాటకు లారీవాళ్లు కూడా జరిగేవారు. ఆటో నడపడం ఎవరు నేర్పారని అడిగితే, "ఎవరూ నేర్పలా, ఎవరూ ఆపలా" అనేది. బేరం తెగక ఆమె ముఖం వంక చూస్తూ నిలబడే వాళ్లతో, "చేప మొహం చూడమ్మా, నా మొహంలో ఏముంది" అని చేప మొప్ప ఎత్తి చూపించేది. మొప్ప ఎర్రగా ఉంటే ఆమె ముఖం కూడా వెలిగేది, అదేదో తన బిడ్డకు మార్కులు వచ్చినట్టు.

మాది సముద్రం మీద బతికే ఇల్లు. వాడరేవుకు ఇవతల ఒక చిన్న పల్లె. మా వాళ్లలో ఆడవాళ్లు పడవ ఎక్కరు. మొగుడు వేటకు వెళ్లి సముద్రం మీద ఉండగా పెళ్లాం పడవలో కాలు పెడితే అతనికి కీడు జరుగుతుందంటారు. మేము ఒడ్డున ఉంటాం. వలలో చిక్కిన చేప ఏరతాం, ఎండబెడతాం, అమ్ముతాం. పడవ అంచు దాకా వెళ్లి తట్ట అందుకుంటాం. కాలు మాత్రం లోపలికి పోదు. ఎందుకని నేను ఎవరినీ అడగలేదు. అన్నం ఎడమచేత్తో ఎందుకు తినకూడదని ఎవరైనా అడుగుతారా? ఇదీ అంతే.

వదిన మొగుడు ఒకనాడు వేకువన చిన్న పడవ వేసుకుని ఒంటరిగా వేటకు వెళ్లాడు. పడవ ఒడ్డుకు వచ్చింది, అతను రాలేదు. ఆ తర్వాత ఆ పడవను పల్లెలో ఎవరూ ముట్టుకోలేదు. ఇసుకలో బోర్లా పడి ఉండేది. పిల్లల్ని కూడా దాని నీడలో ఆడుకోనిచ్చేవారు కాదు. ఏడాది తిరిగాక వదిన పల్లె పెద్దల దగ్గరకు వెళ్లింది. నేను కొంచెం వెనకగా నిలబడి ఉన్నాను.

"ఆ పడవ నాకిచ్చెయ్యండి" అంది.

"నీకెందుకే?"

"ఎక్కడానికి."

పెద్దలు నవ్వారు. ఆమె నవ్వడం లేదని చూసి ఆపేశారు.

"మొగుణ్ణి తిన్న పడవ అది. దానిమీద మోజేంటి నీకు?" అన్నాడు ఒకాయన.

"అదేం తినలా పెద్దయ్యా. ఒంటరిగా ఒడ్డుకొచ్చి నాకు కబురు చెప్పింది. మీరెవరూ చెప్పలేదు, అదే వచ్చి చెప్పింది. ఇంక నేనెక్కితే కీడు జరగటానికి నాకెవడున్నాడు?"

 చాలాసేపు వాళ్లలో వాళ్లు మాట్లాడుకుని చివరికి ఒక షరతు పెట్టారు. తీసుకుపో, కానీ ఆ పడవకు మళ్లీ ఉప్పునీళ్లు తగలకూడదు, తగిలితే ఊరికి కీడు. వదిన సరేనని పెద్దాయన చేతిలో చెయ్యి వేసింది. నా మనసులో, ఉప్పునీళ్లు వద్దంటే ఇంకెక్కడ నడుపుతుంది, ఊరికే పెరట్లో పెట్టుకుని చూసుకోవడానికి కాబోలు అనుకున్నాను. వదిన సంగతి నాకు అప్పటికి అంతే తెలుసు.

అప్పటికే వదిన తెనాలి చేరి చేపలు అమ్ముతోంది. అక్కడ అద్దె ఇంటి వెనక ఇటుకల మీద ఆ పడవ చాలా నెలలు ఉంది. శనివారం తెనాలిలో సగం మంది నీచు ముట్టరు. ఆ రోజు మార్కెట్ పలచగా ఉంటుంది. వదిన ఆ రోజు బల్ల వెయ్యడం మానేసి, పడవ దింపుకునే నీళ్లు వెతకడం మొదలుపెట్టింది. ఇంటి నుంచి పొద్దున బయలుదేరితే చీకటి పడకముందే తిరిగి రాగలగాలి, ఎందుకంటే ఆదివారం బేరం వదులుకోదు. బండి గట్టు దాకా పోవాలి. పడవ నీళ్లలోకి జారడానికి పల్లం ఉండాలి. అన్నిటికన్నా ముందు, నీళ్లలో ఉప్పు ఉండకూడదు.

"వారమంతా చేపల మధ్యే చస్తున్నావు, శనివారం కూడా చేపలేనా అక్కా?" అని పక్క బల్ల ఆమె వెక్కిరించేది.

"వారమంతా చచ్చిన చేపలే. ఒక్క రోజన్నా బతికున్నదాన్ని చూడొద్దా?" అనేది వదిన.

మా ప్రాంతం చూసినవాళ్లు ఇక్కడ నీళ్లకేం కొదవ అనుకుంటారు. ఎటు చూసినా కాలువలు, చెరువులు, మడుగులు. కానీ పడవ దింపుకోవాలని చూస్తే తెలుస్తుంది. కాలువకు నీళ్లు వదిలినప్పుడు ఉరవడి, పైగా లాకుల దగ్గర ఆపేస్తారు. వదలనప్పుడు బురద. రొయ్యల చెరువుల చుట్టూ కంచె, కంచె లోపల కుక్క. ఊరి మంచినీళ్ల చెరువు దగ్గర కాపలా మనిషి. సముద్రం వైపు వెళ్లేకొద్దీ అన్నిట్లోనూ ఉప్పు. వదిన ఏ నీళ్ల దగ్గరకు వెళ్లినా ముందు చెప్పులు విడిచి, ఒంగి, దోసిట్లో కొద్దిగా తీసుకుని నాలుక మీద వేసుకునేది. కళ్లు మూసుకునేది. ఉప్పు తగిలితే ఉమ్మేసి, వచ్చి బండెక్కేది. తగలకపోతే మింగేసేది.

"విరోచనాలు పట్టుకుంటాయి వదినా, అట్లా మింగకు" అని నేను మొత్తుకునేదాన్ని.

"అందులో చేపలకి పట్టుకున్నాయా? నాకూ పట్టుకోవు."

నేను రేపల్లెలో ఉండేదాన్ని. మా ఆయన నిజాంపట్నంలో మరబోటు మీద వేటకు వెళ్లేవాడు. వెళితే వారం దాకా రాడు. అందుకని ఈ వెతుకులాటలో చాలా శనివారాలు నేనూ ట్రాలీ ఆటోలో వదిన పక్కన ఇరుక్కుని కూర్చున్నాను. ఒకసారి రేపల్లె అవతల పెనుమూడి రేవుకు తీసుకువెళ్లాను. కృష్ణ అక్కడ ఎంత వెడల్పో! ఒడ్డు కూడా నున్నగా జారుగా ఉంది. ఇంక వెతకక్కర్లేదని నాకు సంబరం వేసింది.

వదిన ఒంగి నాలుకకు తగిలించుకుంది. కళ్లు మూసుకుని చాలాసేపు ఉంది.

"కొంచెం ఉంది" అంది.

"కొంచెమేగా. కృష్ణమ్మ నీళ్లు ఇవి, సముద్రం ఎక్కడుందో!"

"పోటొస్తే సముద్రమే ఇక్కడికొచ్చుద్ది మరదలా. ఆ పెద్దాయన చేతిలో చెయ్యేసినప్పుడు కొంచెం అని చెప్పలేదు నేను."

"ఇక్కడ ఎవరు చూడొచ్చారు వదినా?"

ఆమె నా వైపు ఎలా చూసిందంటే, ఆ మాట మళ్లీ నేను ఎప్పుడూ ఎవరితోనూ అనలేదు. పెద్దల షరతు ఆమెకు నచ్చలేదు. దాన్ని నమ్మిందో లేదో కూడా నాకు తెలియదు. కానీ ఆ షరతు ఒప్పుకునే పడవ తెచ్చుకుంది. అక్కడికి ఆమెకు సరిపోయింది. పడవను ఎక్కించుకుని వచ్చిన ట్రాలీ, వెనక పొడుచుకు వచ్చిన కొసకు కట్టిన ఎర్రగుడ్డ ఊగుతుండగా, ఎలా వచ్చిందో అలాగే తెనాలి వెళ్లిపోయింది.

ఇంకోసారి పొలాల నీళ్లు పోయే ఒక మురుగుకాలువ దగ్గర ఒకతను, "మంచినీళ్లేనమ్మా, మా గేదెలు తాగుతాయి" అని గట్టిగా చెప్పాడు. వదిన రుచి చూసి ఉమ్మేసి, "మీ గేదెలకి నాలుకలు లేవయ్యా" అంది. కానీ బండి ఎక్కాక ఆ గేదెల గురించే ఆలోచించినట్టుంది. ఆ వారం నుంచి ఏ ఊరికి వెళ్లినా చెరువు ఎక్కడ, చేపలు ఉన్నాయా అని అడగడం మానేసింది. "గేదెల్ని ఎక్కడ కడుగుతారండి?" అని అడిగేది. జనం ఆమెను, ఆమె వెనక పడవను చూసి బిత్తరపోయేవారు. నేనూ అడిగాను, ఇదేం వెతకడమని.

"గేదె జారకుండా దిగిందంటే అక్కడ పల్లం ఉన్నట్టు. రోజూ దిగుతుందంటే కంచె లేనట్టు, కాపలా లేనట్టు. మనకింకేం కావాలే?" అంది.

అలా దొరికింది ఆ చెరువు. పొన్నూరు దాటాక బాపట్ల రోడ్డు దిగి లోపలికి పోతే వస్తుంది. పాత సాగునీటి చెరువు. వేలంలో పాట పాడుకునేవాళ్లు లేక చేపపిల్ల వెయ్యడం మానేశారు. వాటంతట అవే పెరిగిన కొర్రమీనులు ఉన్నాయి. ఒక వైపు తామరాకు, ఇంకో వైపు తేటనీరు. గేదెలు తొక్కీ తొక్కీ నున్నగా చేసిన దారి బండి నిలిచే చోటు నుంచి నేరుగా నీళ్లలోకి దిగుతుంది. వదిన ఒంగి, నాలుకకు తగిలించుకుని, కళ్లు మూసుకుని, మింగింది. మళ్లీ ఇంకో దోసెడు తీసుకుని తాగేసింది.

ఊళ్లో నలుగురూ పోగయ్యారు. వద్దనలేదు. సాయంత్రం లోపు పడవ తీసెయ్యాలన్నారు. ఒకతను మాత్రం ఊరుకోలేక, "ఆడమనిషి గాలమేస్తే చేపలు సిగ్గుతో అడుక్కి పోతాయి" అన్నాడు.

"సిగ్గు మీ ఊళ్లో చేపలకన్నా ఉందన్నమాట" అంది వదిన. ఆ మాటకు అందరికన్నా ఎక్కువ నవ్వింది అతనే. తర్వాత ప్రతి శనివారం పడవ తోసిపెట్టిందీ అతనే.

చెరువులో ఆమెను చూడాలి. నేల మీద ఆమె నోరు మూతపడేది కాదు. పడవలో మాట ఉండేది కాదు. గెడతో రెండు తోపులు తోసి, తామరాకు అంచుకు చేరి, గాలానికి చిన్న కప్పను గుచ్చి, ఆకుల మధ్య మెల్లగా ఆడిస్తూ కూర్చునేది. చీర మోకాళ్ల మీదికి లాగి, వీపు నిటారుగా పెట్టి. కొర్రమీను పడితే తడి గోనెలో చుట్టి తెచ్చేది. అది ఆదివారం దాకా బతికే ఉండేది. దాన్ని అమ్మేది కాదు. జ్వరం పడి లేచినవాళ్లు ఎవరైనా ఉంటే వాళ్లింటికి పంపేది. "ఇదీ అమ్మితే శనివారం కూడా పనిరోజయిపోద్ది" అనేది.

ఆమె పోయాక ఊరివాళ్లను అడిగి పడవ తెచ్చి ఆ గట్టు మీదే ఉంచేశాం. ఇప్పుడు దాన్లో గేదెలకు గడ్డి వేస్తున్నారని విన్నాను. గడ్డే కదా, ఉప్పు కాదు. ఆమె ఏమీ అనుకోదు.

ఆ శనివారాలన్నీ నేను గట్టు మీద తుమ్మచెట్టు కింద క్యారియర్ పెట్టుకుని కూర్చునేదాన్ని. వదిన ప్రతిసారీ పడవ దించాక వెనక్కి తిరిగి, "ఎక్కవే" అనేది. నేను తల అడ్డంగా ఊపేదాన్ని. బలవంతం పెట్టేది కాదు. మళ్లీ వారం మళ్లీ పిలిచేది.

వేసవి వేట నిషేధం అయిపోయి బోట్లు మళ్లీ బయలుదేరిన కొత్తల్లో ఒక శనివారం కూడా అలాగే పిలిచింది. మా ఆయన బోటు ఆదివారం ఉదయం రావాలి.

"మీ తమ్ముడు సముద్రం మీద ఉన్నాడు వదినా" అన్నాను ఎప్పటిలాగే.

ఆమె గాలానికి కప్ప గుచ్చుతోంది. తల ఎత్తలేదు. "నేను ఎక్కలేదుగా" అంది.

"ఏంటి?"

"నేను. పెళ్లైన కాడ్నుంచి ఒక్కనాడు కాలు పెట్టలా. తట్ట అందుకునేటప్పుడు పైట కూడా తగలనిచ్చేదాన్ని కాదు. వచ్చాడా?"

కోపంగా అనలేదు. చేప మొప్ప చూపించినట్టు చూపించిందంతే. 

"నీకు వాడు పెళ్లైన కాడ్నుంచి మొగుడు. నాకు పుట్టిన కాడ్నుంచి తమ్ముడు. వాణ్ణి నా చంకనేసుకుని తిప్పాను. వాడికి కీడయ్యే పనికి నిన్ను పిలుస్తానా?" అంది. కప్ప గుచ్చడం పూర్తిచేసి, "ఎవడన్నా ఏదన్నా అంటే నన్ననమను. నిన్ను అననిస్తానా" అంది.

లేచాను. చెప్పులు గట్టు మీద విడిచాను. గేదెల దారిలో దిగి పడవ అంచు మీద చెయ్యి వేశాను. అక్కడి దాకా పుట్టినప్పటి నుంచీ చేసిన పనే. ఆ తర్వాత కాలు ఎత్తి లోపల పెట్టాను. పడవ కిందికి కుంగి మళ్లీ లేచింది.  రెండు అంచులూ గట్టిగా పట్టుకుని చతికిలబడ్డాను.

"ఊగకు. రోలు లాగా కూర్చో" అని వదిన గెడ వేసింది.

నడి చెరువులోకి వెళ్లాక ధైర్యం చేసి వెనక్కి చూశాను. తుమ్మచెట్టు, దాని కింద నా చెప్పులు, క్యారియర్. ఇన్ని వారాలు నేను కూర్చున్న చోటు అంత చిన్నదని నాకు తెలియదు. మా ఆయన వేటకు పోయేటప్పుడు ఒడ్డున నిలబడిన నేను అతనికి ఇలాగే కనిపిస్తాను కాబోలు అనుకున్నాను. ఇన్నేళ్ల కాపురంలో అతను చూసేది నేను చూడటం అదే మొదలు. వదిన గాలం నా చేతికి ఇచ్చింది. ఎలా ఆడించాలో చేత్తోనే చూపించింది. ఎంతసేపటికో ఆకుల కింద నీరు పగిలినట్టయి గాలాన్ని ఏదో చేతుల్లోంచి లాక్కుపోబోయింది. పట్టుకున్నాను. నేను అరిచిన అరుపుకు ఒడ్డున గేదెలు తలలు తిప్పాయి. కొర్రమీను! వదిన పడవలో నవ్వడం అంతకు ముందు నేను వినలేదు.

మధ్యాహ్నం దాటాక దక్షిణం నుంచి గాలి లేచింది. తామరాకులన్నీ వెనక్కి తిరిగి తెల్లగా కనిపించాయి. మేము గబగబా ఒడ్డుకు వచ్చేశాం. చెరువులో గాలి ఎంతసేపు, పడవ బండెక్కించేసరికి తగ్గిపోయింది. కానీ ఇద్దరం ఒకే వైపు, సముద్రం వైపు చూశాం. రేపల్లె వచ్చేసరికి మా వీధిలో ఆడవాళ్లు గుమ్మాల్లో నిలబడి ఉన్నారు. బోట్లకు ఫోన్లు కలవడం లేదన్నారు. మా ఆయనకు ఫోన్ చేయించాను. కలవలేదు. వదిన తెనాలి వెళ్లలేదు. ఆదివారం బేరం వదిలేసి మా ఇంట్లోనే ఉండిపోయింది. ఆమె ఆదివారం వదులుకోవడం నేనెరిగి ఎప్పుడూ లేదు. పడవ మాట ఆమె ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

మరునాడు ఉదయం పడవను మా వాకిట్లో దించేసి ఇద్దరం ట్రాలీ ఆటోలో నిజాంపట్నం వెళ్లాం. ఒక్కొక్క బోటే వస్తోంది. మా వాళ్లది లేదు. నేను గట్టు అంచున నిలబడ్డాను. వదిన ఐసు పెట్టెల పక్కన ఆగిపోయింది. వచ్చే బోటుకు మొగుడు పోయిన ఆడది ఎదురు రాకూడదంటారు, అందుకని ఆమె ఎప్పుడూ అక్కడే ఆగేది. ఎండ బాగా ఎక్కాక మా వాళ్ల బోటు కనిపించింది. ఇంజను ఆగిపోయింది, ఇంకో బోటు తాడు కట్టి లాక్కొస్తోంది. మనుషుల్ని లెక్క చూసుకున్నాం. అందరూ ఉన్నారు. మా ఆయన ముందు భాగంలో నిలబడి ఉన్నాడు. వల మాత్రం లేదు. గాలికి చిక్కుపడితే కోసి వదిలేయవలసి వచ్చిందట.

బోటు నడిపే సరంగు పెద్దమనిషి, నాకు బాబాయ్ వరస. గట్టెక్కుతూనే మొదలుపెట్టాడు. "వల ఊరికే పోద్దా? ఎవరింట్లోనో ఏదో జరిగింది. జరక్కుండా ఇట్టా అవదు." అక్కడున్న పెళ్లాలందరూ తలలు దించుకున్నారు. అలాంటప్పుడు ఏ తప్పూ చేయకపోయినా అందరం తలలు దించుకుంటాం. సరంగు కళ్లు అటూ ఇటూ తిరిగి ఐసు పెట్టెల దగ్గర ఆగాయి. మిగతా కళ్లు కూడా అక్కడికే పోయాయి. పడవక్క సంగతి తెలియనిది ఎవరికి?

వదిన ముందుకు వచ్చింది. "నన్నను సరంగు మామా, నేనే..." అని ఎత్తుకుంది. ఆమె నాకు చెప్పినట్టే చేయబోతోందని తెలిసింది. తప్పంతా తన మీద వేసుకుని నన్ను వెనక నిలబెట్టేస్తుంది. నేను నోరు విప్పకపోతే సరిపోతుంది. ఎవరికీ ఎప్పటికీ తెలియదు.

"నేనెక్కాను బాబాయ్" అన్నాను. "నిన్న. చెరువులో. పడవెక్కింది నేను."

 సరంగు నన్ను కింది నుంచి పైదాకా చూశాడు.

"మొగుడు సముద్రం మీదుండగానా?"

"ఉండగానే."

"ఒళ్లు తెలిసే చేశావా అమ్మాయ్! పోయి కొబ్బరికాయ తెచ్చి బోటుకి కొట్టు. తప్పయిందని గంగమ్మకి చెప్పుకో."

"కొబ్బరికాయ కొడతాను బాబాయ్. అందరూ తిరిగొచ్చారు, అందుకు కొడతాను. తప్పయిందని మాత్రం చెప్పను."

ఆ మాట నా నోటి నుంచే వచ్చింది. కానీ అంత నిటారుగా నిలబడటం నేను ఎవరిని చూసి నేర్చుకున్నానో అక్కడున్న వాళ్లందరికీ తెలుసు. ఇప్పటికీ ఆ ఉదయం తలుచుకుంటే నా వీపు దానంతట అదే నిలుస్తుంది.

మా ఆయన బోటు మీదే ఉన్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి, పెదవులు ఉప్పుకు పగిలి ఉన్నాయి. అతను ఏమంటాడా అని అందరూ అటు చూశారు. అతను నన్ను చూశాడు, వాళ్లక్కను చూశాడు.

"చేప పడిందా?" అన్నాడు.

"కొర్రమీను" అన్నాను మోచెయ్యి చూపిస్తూ. "ఇంత."

ఎవరో ఫక్కున నవ్వారు. లాక్కొచ్చిన బోటులో వాళ్లు కూడా నవ్వారు. సరంగు నవ్వలేదు. "మీ కుటుంబమే అంత" అని తువ్వాలు దులుపుకుని, "కాయ తీసుకురా, ఎండ ముదురుతోంది" అన్నాడు.

కొట్టుకెళ్లి కాయ తెచ్చాను. పసుపు, కుంకుమ కూడా తెచ్చాను. బోటు ముందు భాగానికి బొట్టు పెట్టాను. గంగమ్మకు దండం పెట్టి, మనుషుల్ని తిరిగి ఇచ్చినందుకు గట్టిగా, అందరికీ వినబడేటట్టు చెప్పుకున్నాను. కాయ ఒక్క దెబ్బకే రెండు చెక్కలైంది. ముక్కలు తీశాను. మొదటి ముక్క సరంగుకు ఇవ్వడం మా దగ్గర ఆనవాయితీ, ఆయన చెయ్యి చాచి నిలబడ్డాడు కూడా. నేను ఆయన పక్కనుంచి నడిచి ఐసు పెట్టెల దగ్గరకు వెళ్లి వదిన చేతిలో పెట్టాను.

ఆమె ఆ ముక్కను, నన్ను మార్చి మార్చి చూసింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. తర్వాత నోట్లో వేసుకుని అందరూ చూస్తుండగా నింపాదిగా నమిలింది.

"ముదురు కాయ తెచ్చావేంటే మరదలా" అంది. "రేపట్నుంచి కొబ్బరికాయ ఏరటం కూడా నేనే నేర్పాలా నీకు?"